తోక ఊపిన టిఫిన్ బండి: కోరుట్ల నుంచి సిరిసిల్లకు

మా చెల్లెలు స్వరూప బీడీలు చుట్టడం మానేసి, చేతిలో ఉన్నదంతా పెట్టి కోరుట్లలో రెండు చక్రాల టిఫిన్ బండి చేయించుకుంది. దాన్ని సిరిసిల్లలో మరమగ్గాల వీధి పక్కన నిలబెట్టి, మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించాలి. దారిలో దానికేమైనా అయితే స్వరూపకు మళ్లీ బీడీల చాటే గతి. కిరాయి వ్యాను వాళ్లు నాలుగు వేలు అడిగారు. మా ఎస్‌యూవీకి వెనక కొక్కెం ఉంది, నా డ్రైవింగ్ మీద నాకు కొంచెం ఎక్కువే నమ్మకం ఉంది. డీజిల్ ఖర్చుతో నేనే లాక్కొస్తానన్నాను.

పొద్దున ఏడింటికి బయలుదేరాం. జగిత్యాల, కొండగట్టు, వేములవాడ మీదుగా దాదాపు ఎనభై ఐదు కిలోమీటర్లు. జగిత్యాల దాటాక రోడ్డు బాగుంది కదా అని వేగం అరవై దాటించాను. అంతే, వెనక బండి అటూ ఇటూ ఊగుతూ మా కారునే ఈడ్వడం మొదలుపెట్టింది.

"అక్కా, బండి తోక ఊపుతాంది! బిరేక్ కొట్టు!" అని స్వరూప అరిచింది.

అప్పుడు గట్టిగా బ్రేక్ వేస్తే బండి అడ్డం తిరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు మాత్రం తీశాను. ఊపు మెల్లగా తగ్గింది. పక్కకు ఆపి ఇద్దరం దిగాం.

బండి తలుపు తీస్తే గ్రైండరూ దోసె పెనమూ అన్నీ వెనక చివరే ఉన్నాయి.

"గిక్కడెందుకు పెట్టినవే?"

"దింపేటప్పుడు అల్కగ ఉంటదని పెట్టిన," అంది. మళ్లీ సామాను వైపు చూసి, "ఎడ్లబండికి వెనక బరువైతే కాడి లేస్తది గదా, గట్లనే అయినట్టుంది," అంది.

సరిగ్గా అదే జరిగింది. కొక్కెం మీద కాస్త బరువు పడేలా సామానంతా చక్రాలకు కొంచెం ముందుకు జరిపి తాళ్లతో బిగించాం. ఆ తర్వాత నేను యాభై దాటలేదు, బండీ తోక ఊపలేదు.

కొత్త బండికి కొండగట్టు మీద ఆంజనేయుడి గుడిలో పూజ చేయించాలని స్వరూప పట్టు. ఆ మలుపుల్లోకి ఈ బరువుతో ఎక్కనన్నాను. మూతి ముడుచుకుని దిగి, కొండ కిందే కొబ్బరికాయ కొట్టింది. "అంజన్నా, గిక్కడి నుంచే మొక్కుతున్న, మా అక్కకు భయమైతాంది," అంది. నిజమే, భయమైంది.

పదకొండు గంటలకల్లా సిరిసిల్ల చేరాం. నా వెనక వస్తున్నది ఉత్త ఇనుము కాదని ఆ రోజే బాగా తెలిసింది, అందుకే మిగతా దారంతా మాటిమాటికీ అద్దంలో చూస్తూ వచ్చాను. మీరూ ఇలా లాక్కెళ్లేటట్టయితే, బరువు మీ కారు లాగగలిగేంతలోనే ఉంచుకోండి, బయలుదేరిన పది కిలోమీటర్లకు ఒకసారి ఆపి కొక్కెం, అది ఊడినా బండిని పట్టి ఉంచే గొలుసు, వెనక లైట్లు చూసుకోండి.

మరమగ్గాల వీధి పక్కన స్వరూప బండి కదలకుండా చక్రాల కింద రాళ్లు పెడుతుంటే మగ్గం పనికి పోతున్న ఒకాయన ఆగి, కారు తాళాలు నా చేతిలో ఉండడం చూసి, "మేడం, గీ హోటల్ మీదేనా?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే స్వరూప చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చింది.

"నాది. రేపు పొద్దుగాల్ల రాండ్రి."