రేడియేటర్ మీది ఎర్ర గీత

లద్దాఖ్‌లో మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ కాస్తోంది, డబ్బాలో నీళ్లు మాత్రం గడ్డకట్టాయి. నేను సైన్యంలో ట్రక్కు డ్రైవర్ని. లారీలోంచి మా మెకానిక్ ముందుగా దించుకున్నది ఉన్ని మేజోడులో చుట్టిన గుండ్రటి గాజు మీటరు.

వాడిది బెజవాడ భవానీపురం, నాది హనుమాన్ జంక్షన్. అంత దూరంలో మాది ఒకే వీధి కింద లెక్క.

మీటరు వాళ్ల నాన్న పాత కారుది. ఆ కాలం కార్లకు వేడి చూపే ముల్లు లోపల ఉండేది కాదట. బయట రేడియేటర్ మూత మీదే, డ్రైవర్‌కు కనబడేలా థర్మామీటర్ బిగించేవారు. నీళ్లు కాగేకొద్దీ అందులో ఎర్ర గీత పైకి పాకేది. కొడుకు బయల్దేరే రోజు ఆయన దాన్ని విప్పి చేతిలో పెట్టి, నువ్వొచ్చి బిగించేదాకా బండి తియ్యనన్నారట. కారంటే ప్రాణం పెట్టే మనిషి!

వాడు రోజూ దాన్ని తుడుచుకునేవాడు. కొత్త పెళ్లాం ఫొటోలా ఏంట్రా అని ఏడిపించేవాళ్లం. ఓసారి నాకు చూపించి చెప్పాడు.

“ఎరుపు దిగితే చల్లబడిందనుకోమాకరా. ఇది చూసేది నీళ్లని కాదు, పైనున్న ఆవిరిని. నీళ్లన్నీ కారిపోయినా దిగిపోద్ది. లోపల ఇంజను కాలిపోతానే ఉంటది.”

జనవరిలో వాడికి దగ్గు, జ్వరం. బయట మంచు తుఫాను. రేడియోలో హెలికాప్టర్ అడిగాం. “వాతావరణం తేరుకునేదాకా రాదు. ఆగండి,” అన్నారు.

మర్నాడు పొద్దున జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాం అందరం. టీ కాచి తెచ్చాను. తాగలేదు. మధ్యాహ్నం కాకుండానే పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని తర్వాత చెప్పారు. ఎర్ర గీత గురించి వాడన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఏం లాభం, ప్రభువా.

వాడు పెట్టెలో ముందే ఇల్లు చేరాడు. నా సర్వీసు ఏప్రిల్‌లో ముగిసింది. బెజవాడలో రైలు దిగి, మా ఇంటికి కూడా పోకుండా, నా దగ్గరే ఉండిపోయిన మీటరును ఆ మేజోడుతో సహా పట్టుకుని భవానీపురం వెళ్లాను.

షెడ్డులో కారు దుమ్ము పట్టి ఉంది. వాళ్ల నాన్న మీటరును చాలాసేపు తడిమి నాకే ఇచ్చారు.

“నువ్వే బిగించు నాయనా. వాడే బిగించాడనుకుంటా.”

బిగించాను. ఆయన నీళ్లు పోసి, ఇంజను స్టార్ట్ చేసి సీట్లో కూర్చున్నారు. గీత మెల్లగా పైకొచ్చింది. కాసేపటికి ఇంజను ఆపారు. గీత దిగడం మొదలైంది. ఆయన గబగబా దిగొచ్చి గ్రీజు మరకల రెండు అరచేతులతో ఆ గాజును కప్పేశారు.

“కాలుద్ది బాబాయ్,” అన్నాను.

“దిగిపోతందిరా,” అన్నారు.

ఎంత చెప్పినా తియ్యలేదు. ఇప్పటికీ కళ్లు మూస్తే నాకు ఆ గ్రీజు చేతులే కనబడతాయి.