మడత కత్తి తెరవడంలో నేనే ఫస్ట్

నవ్వనంటే చెప్తాను. సరే, నవ్వుకోండి, ఎలాగూ ఆపుకోలేరు. మొన్న సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి అచ్యుతాపురంలో మా ఫ్యాక్టరీ హాల్లో "చేతుల భద్రత" మీద స్పీచ్ ఇవ్వాల్సిన మనిషిని నేను. ఎనిమిది నలభైకి అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర, తెరిచిన కత్తి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను!

కంగారు పడకండి, ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. అసలు సంగతి వినండి.

నాకు అప్పన్న అని ఓ ఫ్రెండున్నాడు. ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడుపుతాడు. మేం గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో సెటిలైనవాళ్ళం, చుట్టరికం ఏమీ లేదు, అయినా మొదటి రోజు నుంచీ "బావా" అనే పిలుస్తాడు. పోయిన వేటలో నడుముకి కట్టుకున్న కత్తి జారి వాడి తొడలో గుచ్చుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"బావా, నువ్వు మెషీన్ల కాడ పన్జేత్తావు గదా. మడత కత్తి ఒకటి సూడు. ఒక్క సేత్తో ఇప్పాల. రెండో సేతిలో తాడుంటాది. సెయ్యి ఎప్పుడూ తడే."

చూడండి, మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని ఇలాంటి ప్రశ్న అడక్కూడదు. అడిగితే వదలడు. వారం రోజులు వీడియోలు చూసి మూడు రకాల కత్తులు ఆర్డర్ పెట్టాను. ఒకటి రింగ్ లాక్. చెక్క పిడి, మెడ దగ్గర ఓ రింగు ఉంటుంది, తిప్పితే బ్లేడు కదలదు. రెండోది బ్యాక్ లాక్. పిడి వీపు మీద నొక్కితే తాళం వదులుతుంది. మూడోది లైనర్ లాక్. బ్లేడు తెరుచుకోగానే లోపలున్న రేకు ఒకటి పక్కకి జరిగి వెనకాల అడ్డం నిలబడుతుంది. పేర్లు ఇంత వివరంగా చెప్తున్నానంటే నాకు ఎంత తెలుసో మీకు అర్థం కావాలి.

శని, ఆదివారాలు మా వంటింట్లో టెస్టింగ్. చేతికి చేపల జిగురు ఎక్కడ తెస్తాం? బెండకాయలు తరిగి ఆ జిగురు రాసుకున్నాను. మా ఆవిడ సుజాత నెత్తి కొట్టుకుంది.

"ఏవండీ! అవి సాయంత్రం వేపుడికండీ!"

"సుజాతా, ఇది ఒక మనిషి తొడకి సంబంధించిన విషయం."

ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో ఫోను, ఫోన్లో స్టాప్‌వాచ్. నీళ్ళల్లో ముంచేసరికి రింగ్ లాక్ చెక్క పిడి ఉబ్బిపోయింది, బ్లేడు బయటికే రానంది. ఫెయిల్! బ్యాక్ లాక్‌కి గోరు పెట్టి లాగాలి. జిగురు చేత్తో మూడుసార్లు జారింది. లైనర్ లాక్‌కి మాత్రం బ్లేడు మీద చిన్న బొడిపె ఉంది. బొటనవేలితో తోస్తే టక్! ఒక్క సెకను. రెండు రోజుల్లో నలభై సార్లు తెరిచాను, ఒక్కసారి తడబడలేదు. చార్టు గీశాను. తడి చెయ్యి, జిగురు చెయ్యి, ఎడమ చెయ్యి, కళ్ళు మూసుకుని. అన్ని గళ్ళల్లోనూ లైనర్ లాకే ఫస్ట్.

సోమవారం పొద్దున్నే ఆరింటికి లైనర్ లాక్, పోల్చి చూపించడానికి బ్యాక్ లాక్ పట్టుకుని హార్బర్‌లో దిగాను. ఏడింటికి కాన్వెంట్ జంక్షన్‌లో కంపెనీ బస్సు. ఆ రోజు లేటవడానికి వీల్లేదు. స్పీచ్ బాగుంటే మా షాపు, అదే మా మెషీన్ల సెక్షన్, మొత్తానికి హ్యాండ్ సేఫ్టీ ఇన్‌ఛార్జ్‌ని చేస్తానని మేనేజర్ గారు మాటిచ్చారు. పదకొండేళ్ళ సర్వీసులో నా పేరు నోటీసు బోర్డు మీద రావడం కూడా అదే మొదటిసారి.

అప్పన్న, వాడి బోటు మనుషులు నలుగురూ ఐసు పెట్టెల మీద కూర్చున్నారు. నేను ఓ కవళ్ళ చేప పట్టుకుని చేతికి బాగా జిగురు పట్టించి, చెయ్యి పైకెత్తి, టక్! బ్లేడు తెరుచుకుంది. ఆ ఊపులోనే పాత నైలాన్ తాడు కోసి చూపించాను. నలుగురూ "అబ్బో!" అన్నారు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పన్న తల ఊపి, "బాగుంది బావా. మరి ముయ్యి," అన్నాడు.

ముయ్యి. అంతే కదా? వీపు నొక్కాను. ఏమీ కాలేదు. మెడ పట్టుకుని తిప్పాను. తిరగడానికి అక్కడ రింగుంటేనా! బ్లేడు మడిచి చూశాను, గోడలా నిలబడింది. నవ్వు మొహం అలాగే పెట్టుకుని ఇంకోసారి వీపు నొక్కాను.

"ఏటి సేత్తన్నావ్ బావా? ఇలా తే, నాను సూత్తాను."

"ఉండరా, దీనికో టెక్నిక్ ఉంది."

ఇస్తే పోయేది కదా! ఇవ్వలేదు. చార్టు గీసిన మనిషిని, వాడికిచ్చి మూయించుకుంటే ఇంకేం మిగిలింది? అప్పన్న పక్కనున్న బ్యాక్ లాక్ తీసి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు, మూశాడు.

"నాకిది సాలు బావా. సెయ్యి తుడుసుకోడం తెలుసు నాకు."

బస్సుకి పది నిమిషాలే టైముంది. "దీనికి ఇంకో టెస్టు బాకీ ఉంది" అని దర్జాగా చెప్పి, అక్కడ పడున్న చేపల పెట్టె థర్మోకోల్ ముక్కలో బ్లేడు గుచ్చేసి, బ్యాగులో పెట్టుకుని పరిగెత్తాను. ఏసీ బస్సండీ! రెండు స్టాపులు దాటేసరికి నా ముందు సీటు, వెనక సీటు, పక్క సీటు ఖాళీ. పోనీలే, స్పీచ్ ప్రాక్టీసు చేసుకోవచ్చనుకున్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ సూరిబాబు బ్యాగు తెరవమన్నాడు.

"ఏటి సార్, సేపలేటి?"

థర్మోకోల్ తీశాడు. కత్తి బయటికొచ్చింది. నా వెనకాల క్యూలో మా షాపు వాళ్ళే ఓ ముప్ఫై మంది. అందరూ నా స్పీచ్‌కి వెళ్ళాల్సినవాళ్ళే.

"సార్, మడత కత్తయితే మూసి నాకిచ్చెయ్యండి, సాయంత్రం పట్టుకెళ్దురు గాని. ఇప్పిన కత్తి టేబుల్ మీదెట్టుకుని నాను డ్యూటీ సెయ్యలేను. రూలు ఒప్పుకోదు."

"సూరిబాబూ, తొమ్మిదింటికి నా స్పీచుంది."

"తెలుసు సార్, బోర్డు మీద మీ పేరు సూసాను. ముయ్యండి."

అప్పుడు వెలిగింది నాకు. ఆ రెండు రోజుల్లో నలభై సార్లు తెరిచింది నేను. స్టాప్‌వాచ్ చేతిలో ఉంది కాబట్టి, తెరిచిన ప్రతిసారీ కత్తి సుజాతకిచ్చేసి టైము రాసుకున్నాను. నా జన్మలో ఒక్కసారి కూడా దాన్ని నేను మూయలేదు!

ఫోన్ చేశాను. చేతిలో కత్తుంది కదా, సూరిబాబే ఫోను పట్టుకుని స్పీకర్ నొక్కాడు.

"సుజాతా, ఆ లైనర్ లాక్ నువ్వు ఎలా మూసేదానివి?"

"పిడి లోపల ఎడంపక్క సన్నటి రేకుందా? బొటనవేలితో దాన్ని పక్కకి నెట్టండి. నెట్టారా? రెండో చేత్తో బ్లేడు వీపు పట్టుకుని నెమ్మదిగా మడవండి. ఆఁ, వేలు! బొటనవేలు దారిలోంచి తీసెయ్యండి ముందు!"

"సార్, అమ్మ సెప్తన్నారు గదా, ఏలు తియ్యండి!" అన్నాడు సూరిబాబు.

"ఏలు తియ్యండి సార్!" అంది క్యూ మొత్తం.

తీశాను. టక్. మూసుకుంది. ఇంతా చేస్తే మూడు సెకన్ల పని. క్యూ చప్పట్లు కొట్టింది.

సరిగ్గా తొమ్మిదింటికి స్టేజీ ఎక్కాను. సిగ్గా? నాకెందుకండీ సిగ్గు! రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేసి జరిగిందంతా చెప్పాను. పనిముట్టు తెరవడం వస్తే చాలదు, మూయడం కూడా వచ్చాకే చేత్తో పట్టుకోండన్నాను. ఎప్పుడూ వెనక వరసలో నిద్రపోయేవాళ్ళు కూడా కళ్ళు తెరిచి విన్నారు. మేనేజర్ గారు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, అక్కడికక్కడే నన్ను ఇన్‌ఛార్జ్‌గా ప్రకటించారు. షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చారు. తర్వాత ఆయన చెయ్యి వాసన చూసుకున్నారనుకోండి, అది వేరే విషయం.

సాయంత్రం గేటు దగ్గర కత్తి తీసుకోవడానికి ఆగాను. సూరిబాబు రిజిస్టరు ముందుకి తోశాడు. గళ్ళన్నీ తనే నింపేశాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. వస్తువు: మడత కత్తి, ఒకటి. తెచ్చిన కారణం: మూయడం రాక.

"ఇక్కడ సంతకం సార్. సంతకం కింద హోదా కూడా రాయాల."

రాశాను. ఆ రోజే వచ్చిన కొత్త హోదా, మొట్టమొదటిసారి రాసింది అక్కడే. హ్యాండ్ సేఫ్టీ ఇన్‌ఛార్జ్.