ముందు అవతలివాళ్ళ మాట

మా ఇంట్లో మాట నెగ్గడమంటే గొంతు నెగ్గడమే. నాన్న ఎచ్చెర్ల దగ్గరి మా రేవులో చేపల వేలంపాట పాడతాడు. పడవ ఒడ్డుకు చేరి కోనాం చేపలు ఇసుక మీద పడ్డాయంటే ఆయన గొంతు లేస్తుంది. బేరం తెగేదాకా ఇంకొకరి మాట వినపడదు. ఆ గొంతే నాకూ వచ్చింది. శ్రీకాకుళంలో బి.ఏ.లో చేరి తత్వశాస్త్రం, మతాల అధ్యయనం తీసుకున్నప్పుడు, ఇక్కడ చదువంటే వాదించడమే కదా, నన్ను మించినవాళ్ళెవరు అనుకున్నాను.

ఆ పొగరు దించింది మా మేడం. రోజూ విజయనగరం నుంచి బస్సులో వచ్చేది. బక్కపలచటి మనిషి, చిన్న గొంతు. ఫ్యాను తిరుగుతుంటే వెనక బెంచీకి వినపడేది కాదు, అందుకని ఉన్న కొద్దిమందిమీ ముందుకొచ్చి కూర్చునేవాళ్ళం. ఆవిడ క్లాసులో ఒకటే కట్టడి. ఎవరి మాటనైనా కాదనాలంటే ముందు ఆ మాటను వాళ్ళ తరఫున మనమే చెప్పాలి. "అవును, నేననేది ఇదే" అని అవతలి మనిషి తలూపితేనే మన వంతు. పాత శాస్త్రాలు దీన్నే పూర్వపక్షం అన్నాయని, కాదనడం ఎవరికైనా వస్తుందని, పూర్వపక్షం చెప్పగలిగినవాళ్ళే చదువుకున్నవాళ్ళని అనేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఎదుటివాడి మాట తప్పని తెలిసిపోతుంటే మళ్ళీ వాడి తరఫున వకాల్తా ఏమిటి?

ఒకరోజు రాజాం నుంచి వచ్చే అబ్బాయి, దేవుడు లేడు దయ్యం లేదు అనే రకం, సముద్రం మీదికి వేటకు వెళ్ళేముందు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టడమంటే లంచమివ్వడమే అన్నాడు. నేను కయ్యానికి లేచాను. మేడం నన్ను కూర్చోబెట్టి, మా పక్షం చెప్పమని వాణ్ణే లేపింది. వాడు ఏదో చెప్పాడు, నేను తల అడ్డంగా ఊపాను. ఇంకోలా చెప్పాడు, మళ్ళీ ఊపాను. మర్నాడు ఆలోచించుకుని వచ్చి, ఆ కాయ సముద్రాన్ని కొనడానికి కాదేమో, ఇంటి దగ్గర మిగిలిపోయే ఆడవాళ్ళు గుండె చిక్కబట్టుకుని ఎదురుచూడటానికేమో అన్నాడు. నాకు మా రేవులో పడవల కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు కళ్ళముందు కనపడ్డారు. తలూపాను. మా ఆచారాన్ని అంతవరకూ నేనే అంత బాగా చెప్పుకోలేదు. మేడం మాత్రం ఏమీ జరగనట్టు పాఠంలోకి వెళ్ళిపోయింది.

ఆవిడ చార్వాకుల గురించి చెబితే ఈవిడకు దేవుడంటే గిట్టదేమో అనిపించేది. బుద్ధుడి గురించి చెబితే రేపో మాపో ఇల్లు వదిలిపోతుందేమో అనిపించేది. ఆవిడ సొంత దేవుడెవరో మాకు చివరిదాకా తెలియలేదు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మొదటి ఏడాది పరీక్షలయ్యాక, బి.ఏ. మాన్పించి నర్సింగులో చేరుస్తానన్నాడు నాన్న. ఆయన మాటంటే మాటే. నేను అరిచాను, ఆయన అరిచాడు, మధ్యలో అమ్మ మా ఇద్దరితో మాట్లాడటం మానేసింది. చివరికి మేడం దగ్గరికి వెళ్ళి, మీరొచ్చి మా నాన్నకు నచ్చజెప్పండని ఏడ్చాను. రానంది. "ఆయన పక్షం చెప్పావా?" అని అడిగింది. ఇది క్లాసు కాదు, నా బతుకు అన్నాను. "అందుకే అడుగుతున్నాను" అంది. ఎంత రాతిగుండె అని దారి పొడవునా తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

నాన్న అన్నం తింటున్నాడు. ఇక మిగిలింది ఆ కట్టడే అనుకుని ఎదురుగా కూర్చున్నాను. "నానా, నువ్వనేది నేను సెప్తాను. తప్పయితే ఆపు" అన్నాను. చేపలు తగ్గిపోతున్నాయి, పడవలూ తగ్గుతున్నాయి, రేపు పాడటానికి పాట ఉంటుందో ఉండదో. నర్సింగు చదివితే పిల్ల తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. తత్వశాస్త్రం చదివితే ఏ ఉద్యోగం వస్తుందని రేవులో ఎవరైనా అడిగితే ఆయనకు నోట మాట రాదు. ఇవన్నీ చెప్పాను. ఒక్కోదానికీ తలూపాడు. ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్నది అదే కదా అన్నాడు.

కట్టడి ప్రకారం ఇక వంతు నాది. కానీ ఆయన బయటికి చెప్పనిది ఇంకోటి ఉందని అలా చెబుతుంటేనే నాకు తట్టింది.

"ఇంకోటున్నాది నానా. గంగమ్మ ఉన్నాదా నేదా అని పుస్తకాల్లో సదివే పిల్ల, రేపు నిన్ను కూడా ఏటీ తెలీనోడిలాగ సూస్తాదని నీ బయం."

ఈసారి నాన్న తలూపలేదు, తల దించుకున్నాడు. రేవంతా వినపడే ఆ గొంతు బాగా తగ్గింది.

"మరి దీనికేటి జవాబు?" అన్నాడు.

నేను ముందే సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ దానికి సరిపోలేదు. అలా ఎప్పటికీ చూడనని ఒట్టేయవచ్చు. కానీ అప్పటిదాకా ఆయనమీద అరిచిందంతా, ఆయనకేమీ తెలియదన్న ఆ చూపుతోనే కదా. నాకు ఏడుపొచ్చింది. నా దగ్గర జవాబు లేదని చెప్పేశాను.

నాన్న లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. తన కడుపులో మాట అమ్మకు కూడా తెలియదని, నాకెలా తెలిసిందని అడిగాడు. మా మేడం ఇలా ఆలోచించడం నేర్పిందన్నాను.

"అయితే జవాబు కూడా ఆయమ్మ కాడే నేర్సుకో" అన్నాడు. "ఆ జవాబు దొరికి నాకు సెప్పీదాకా ఆ సదువు మానకు."