తాడు తెంపుకుని పోయిన మేకపోతు

ఉప్పుగూడలో మా గల్లీ చివర పెంటయ్యకు ఒక దొడ్డి ఉంది. వాళ్ళ నాయన పాల వ్యాపారం చేసిన రోజుల్లో అందులో బర్రెలు ఉండేవి. బర్రెలు పోయాయి, పెంటయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, దొడ్డి మాత్రం మిగిలింది. చుట్టూ నాలుగంతస్తులు లేచాయి. బిల్డర్లు వస్తారు, చాయ్ తాగుతారు, పోతారు. పెంటయ్య చాయ్ పోస్తాడు గాని దొడ్డి మాట ఎత్తనివ్వడు. "ఇది మీకిస్తే పోరగాళ్ళు ఏడ ఆడుకుంటరు? మీ లిఫ్టులనా?" అని అడుగుతాడు.

సాయంత్రం అయ్యిందంటే గల్లీ పిల్లలంతా అక్కడే. పెంకులు పేర్చి బంతితో కొట్టే లింగోచ్చ, చిర్రగోనె, గోటీలు, ఏ ఆట పడితే ఆ ఆట. ఆదివారాలు తల్లిదండ్రులు కూడా కుర్చీలు పట్టుకుని వస్తారు. కాసేపు కూర్చుంటారు, తర్వాత కూర్చోలేక లేచి ఆటలో దూరుతారు. ఒక ఆదివారం మా ఆవిడ వంగుడు దుంకుడుకు చీర కొంగు దోపింది. నడుము పట్టేస్తే మోయాల్సింది నేనే గనక బతిమాలి కూర్చోబెట్టాను.

ఇన్ని ఆటలకూ తీర్పరి ఒక్కడే, పెంటయ్య. తన మనవరాలు రూప ఔటయినా ఔటే, పక్కింటి ఆటో డానియేలు కొడుకు చింటు ఔటయినా ఔటే. పిల్లలు కొట్టుకుంటుంటే ఎవరో ఒకరు "తాతనడుగుదాం పా" అంటారు. తాత చెప్పాక ఇక లొల్లి లేదు. నలభై ఏళ్ళ కొలువులో దొరకని మర్యాద ఆ పిల్లల దగ్గర దొరికిందని ఆయనకు లోపల గర్వం ఉండేది. పైకి అనేవాడు కాదు గాని నడకలో తెలిసేది.

పోయిన ఏడాది వానల్లో రూపకు డెంగీ వచ్చింది. రెండు రోజులు పిల్ల దక్కదనే అనుకున్నారు. పెంటయ్య భార్య బాలమ్మ ఆస్పత్రి వరండాలో చెంగు పరిచి అమ్మవారికి మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగితే వచ్చే బోనాలకు మేకపోతును ఇస్తానని. పిల్ల లేచింది, తిరిగింది, దొడ్డిలో అందరికన్నా గట్టిగా అరవడం కూడా మొదలుపెట్టింది.

మొక్కు మేకను పద్ధతి తెలిసినవాళ్ళు పండుగ ముందు రోజు తెస్తారు. ఓ మూల కట్టేస్తారు, దాని మొహం చూడరు. పెంటయ్య ఆ మాత్రం తెలియనివాడు కాదు. కాని పండుగ దగ్గరపడితే ధరలు మండిపోతాయని ముందే ఒక నల్ల మేకపిల్లను తెచ్చి దొడ్డిలో కట్టాడు. మరునాటికి పిల్లలు దానికి బుల్లెట్ అని పేరు పెట్టారు. బాలమ్మ తల కొట్టుకుంది. "మొక్కిన జీవానికి పేరు పెడ్తరా ఎవరన్న? నువ్వన్న చెప్పొద్దా?" అంది. "పోరగాళ్ళు గదనే, ఏమైతది?" అన్నాడు పెంటయ్య.

ఏమైతుందో చూస్తుండగానే అయింది. లింగోచ్చ ఆడుతుంటే బుల్లెట్ మధ్యలో దూరి పెంకులు కూలగొట్టేది. పాయింటు ఎవరిదని గొడవ. తాత తీర్పు చెప్పాడు. "బుల్లెట్ కూలగొడ్తె ఎవ్వరికీ లేదు. మళ్ళ పేర్చుండ్రి." ఎదురింటి దర్జీ కూతురు మున్నీ, ఆమెకూ రూపకూ ఒకే ఈడు, వాళ్ళమ్మను కూరగాయల తొక్కలు పారేయనిచ్చేది కాదు, బుల్లెట్‌కు తెచ్చి పెట్టేది. చింటు బడి నుంచి వస్తూ ఎవరింటి గోడ మీది కొమ్మో విరిచి తెచ్చేవాడు. పెంటయ్య రోజూ పొద్దున్నే అనుకునేవాడట, ఈ రోజు పిల్లలకు చెప్పేయాలని. సాయంత్రం వాళ్ళు దాని మెడ పట్టుకుని పరుగెత్తుతుంటే నోరు పెగిలేది కాదు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. రేపటికి రూపు లేదంటారు. అది నిజమే అయింది.

పాతబస్తీ బోనాల ఆదివారం రానే వచ్చింది. పిల్లలు లేవకముందే పెంటయ్య దొడ్డిలోకి పోయి ముడి విప్పాడు. ఆటకే అనుకుని బుల్లెట్ తనకన్నా ముందు నడిచిందని తర్వాత నాతో చెప్పాడు. ఆ మాట చెబుతూ నా వైపు చూడలేదు.

ఆయన గుడి నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుండగా రూప దొడ్డిలోంచి పరుగెత్తుకొచ్చింది. వెనకే చింటు, మున్నీ.

"తాతా, బుల్లెట్ ఏది?"

అప్పుడన్నా చెప్పొచ్చు. ముగ్గురూ మొహం పైకెత్తి, ఔటో కాదో అడిగినప్పుడు చూసినట్టే చూస్తున్నారు.

"తాడు తెంపుకొని ఉరికింది బిడ్డా. నేను లేసి చూసేసరికి లేదు."

తాత చెప్పాడు గదా, ఇక అనుమానం ఎక్కడిది? పిల్లలు వెతకడానికి బయల్దేరారు. డానియేలు పండుగ రోజు దొరికే సవారీలన్నీ వదులుకుని ముగ్గుర్నీ ఆటోలో ఎక్కించుకున్నాడు. డప్పులు, అమ్మవారికి మోసుకుపోయే రంగు కాగితాల తొట్టెలు, జనం, వాటి మధ్య ఆ ఆటో. ఎక్కడ నల్ల మేక కనబడినా చింటు దూకి దాని మొహం చూసి వచ్చేవాడట. హుస్సేనీ ఆలం దాకా పోయి, మధ్యాహ్నం దాటాక వచ్చారు. పిల్లల మొహాలు ఎండకు వాడిపోయి ఉన్నాయి. డానియేలు ఆటో ఆపి పెంటయ్య పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

"గుడికే పోయిందేమో అని నాక్కూడ అనిపించింది అన్నా. మళ్ళ అనుకున్న, నువ్వే స్వయంగ చెప్పినంక ఇంక డౌటేంది అని. ఫికర్ చెయ్యకు, దొరుకుతది."

డానియేలు మంచికే అన్నాడు. పెంటయ్యకు మాత్రం నడిబజారులో బట్టలూడినట్టయింది. మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయి, నీళ్ళు మరచిపోయి, వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రూప ఆకలిగా ఉందని పీట వేసుకుని కూర్చుంది. బోనాల నాడు ఏ ఇంట్లో మటన్ ఉడకదు గనక? పిల్ల ఏమీ అడగలేదు. బాలమ్మ వడ్డించింది. రూప రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. "మొక్కు తీరింది, పిల్ల కడుపునిండ తింటున్నది, ఇంకేం గావాలె?" అంది బాలమ్మ. పెంటయ్య తన కంచంలో చెయ్యి కడిగేసి లేచాడు.

ఆ వారమంతా దొడ్డిలో ఆట లేదు. పిల్లలు బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచులు పడేసి, గల్లీలు తిరిగేవారు. తిరిగొచ్చి ఎక్కడెక్కడ చూశారో తాతకు చెప్పేవారు. ఆయన తల ఊపేవాడు. ఎదురుపడతానేమోనని డానియేలును చూస్తే పక్క గల్లీలోకి మళ్ళేవాడు. అబద్ధం ఒక్కటే ఆడాడు, దాన్ని రోజూ సాయంత్రం మళ్ళీ మళ్ళీ ఆడాల్సి వచ్చింది. ఎంత నిమ్మళంగా కూర్చుందామన్నా, నేను దొంగను, దొంగను అని లోపల ఎవరో అంటున్నట్టుండేదని తర్వాత నాతో అన్నాడు.

మళ్ళీ ఆదివారం మున్నీ ఒక్కతే దొడ్డిలోకి వచ్చింది. చేతిలో బుల్లెట్‌ను కట్టిన తాడు.

"తాతా, గిది తెగలే. ముడి ఇప్పిండ్రు."

పెంటయ్య తాడు అందుకుని దాని చివర చూశాడు.

"బుల్లెట్‌ను అమ్మవారికి ఇచ్చిండ్రు గదా? నేను ఎవ్వరికి చెప్పలే. రూపకు గూడ చెప్పలే." ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేదు. "మా ఇంట్ల బక్రీద్‌కు ఇస్తం గదా తాతా. తెచ్చిన దినమే అబ్బా మాకు చెప్తడు, ఇది మనది కాదు, ఖుర్బానీది అని. అయినా మేం దానితో ఆడ్తం. పొద్దుగాల నేనే నీళ్ళు తాపిస్త. మస్తు ఏడుస్త. అబ్బా ఏడ్వనిస్తడు. మీరు మమ్మల్ని ఏడ్వనియ్యలే. ఊకె తిప్పిండ్రు."

అరవై దాటిన మనిషి, ఎవరి ముందూ తల దించనివాడు, ఆ పిల్ల ముందు తల దించేశాడు. ఇచ్చినందుకు కాదు. మొక్కు మొక్కే, అందులో సిగ్గు లేదు. నమ్మినవాళ్ళను వారం రోజులు ఎండలో తిప్పినందుకు. దర్జీ ధైర్యంగా కన్నబిడ్డలకు చెప్పుకున్న మాట చెప్పడానికి తనకు నోరు రాలేదు. పిల్లలు తట్టుకోలేరని కాదు, వాళ్ళ కళ్ళలో తాను తగ్గిపోతానని.

"వాళ్ళను పిల్సుకరా" అన్నాడు.

రూప, చింటు వచ్చారు. మా ఇంట్లోంచి వచ్చి నేను, ఆటో తుడవడం ఆపి డానియేలు గోడ దగ్గర నిలబడ్డాం. పెంటయ్య కుర్చీలో కూర్చోలేదు. పిల్లల ముందు నేల మీద గొంతుకు కూర్చున్నాడు.

"బుల్లెట్ ఉరకలే. నేనే గుడికి తీస్కపోయిన. రూపా, నీ పానం బాగైతె ఇస్తమని అప్పుడు నాయనమ్మ మొక్కింది. మీకు చెప్పాల్సింది, చెప్పలే. తాడు తెంపుకుందని అబద్ధమాడిన."

చింటు పెద్దగా ఏడుస్తూ తండ్రి దగ్గరికి పరుగెత్తాడు. డానియేలు కొడుకును ఎత్తుకుని మొహం తిప్పుకున్నాడు. పెంటయ్య అది చూశాడు. రూప ఏడవలేదు. ఏదో లెక్క కలుపుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"మరి ఆ దినం నేను తిన్నది?"

బాలమ్మ లోపల్నుంచి "కాదు బిడ్డా, అది బజార్ల తెచ్చింది" అని కేకేసింది. రూప నాయనమ్మ వైపు తిరగలేదు. తాత నోటి వైపే చూస్తోంది.

"అదే బిడ్డా" అన్నాడు పెంటయ్య.