రాజు చెంప మీద లేని మచ్చ

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం నేను ట్రామ్‌లో ఆఫీసుకు వెళ్తుండగా అంకుల్ కూతురు ఫోన్ చేసింది. "డాడ్ పాస్డ్ అవే దిస్ మార్నింగ్, అక్కా" అంది. తర్వాత "అమ్మ నీకు చెప్పమంది" అని తెలుగులో అంది. సాయంత్రం వస్తానని చెప్పాను. ఆఫీసుకు వెళ్ళి, ఆ రోజు నా బల్ల మీదికి వచ్చిన నాణేలన్నీ చూసి, లేచాను. నా స్థానంలో ఆయన ఉన్నా అదే చేసేవారు.

నాటింగ్‌హామ్‌లోని తెలుగువాళ్ళకు ఆయన 'నాణేల అంకుల్'. ఆదోని వైపు మనిషి. లోహాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగానికి ఇంగ్లండ్ వచ్చి, ఆ ల్యాబ్ మూతపడ్డాక నాణేలకు గ్రేడు వేసే ఒక చిన్న కంపెనీలో చేరారు. కొత్తగా ముద్రించిన వెండి, బంగారు నాణేలను దాచుకునేవాళ్ళు మాకు పంపుతారు. మేము పరీక్షించి, అంకె వేసి, గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో బిగించి తిరిగి పంపుతాము. డెబ్బై అంటే ఏ లోపమూ లేనిది. చిన్న మచ్చ ఉన్నా అరవై తొమ్మిది, అరవై ఎనిమిది, ఇంకా కిందికి. తెలియనివాళ్ళకు ఆ ఒక్క అంకె తేడా నవ్వులాటగా ఉంటుంది. దాచుకునేవాళ్ళకు కాదు.

ఆరేళ్ళ క్రితం మావారి ఉద్యోగం వల్ల ఈ ఊరు వచ్చి, నేను ఆ కంపెనీలో నాణేలకు ఫోటోలు తీసే పనిలో చేరాను. మొదటి వారంలోనే ఒక వెండి నాణెం అంచున తెల్లటి చుక్క కనపడితే, మంచి పని చేస్తున్నాననుకుని కళ్ళజోడు తుడుచుకునే గుడ్డతో రుద్దాను. పక్క బల్ల దగ్గర నుంచి ఆయన చూశారు. లేచి వచ్చి, ముఖం పక్కకు తిప్పి అడిగారు.

"తుడిచినావా మ్మా?"

"అవునండీ. పోవట్లేదు."

"పోదు. అది పైన పడిన మురికి కాదు. ముద్ర కొట్టక ముందు వెండి బిళ్ళల్ని మందునీళ్ళతో కడుగుతారు. ఆ మందు సరిగ్గా పోకుండానే కొలిమిలో పెట్టినారనుకో, అట్లే అంటుకొనుంటాది. ఇయ్యాల కనపడదు. ఆరు నెలలకో, ఏడాదికో పాలచుక్క మాదిరి తేల్తాది."

"మరి ఇప్పుడెలాగండీ?"

"ఎట్లా లేదు. మచ్చ నాణెం చేసినోళ్ళ తప్పు. ఇప్పుడు నువ్వు పెట్టిన గీతలు మన తప్పు. నాణెం పంపినాయనకు నేను రాస్తాలే."

ఆ నాణెం యజమానికి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశారు. నా పేరు రాయలేదు, "మా గదిలో" అని రాశారు. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోంచి ఒక జొన్న రొట్టె నాకు పెట్టారు. నేను ఒంగోలు పిల్లనని తెలిసి, "మీకు జొన్న రొట్టె తినడం రాదు, ఇట్ల తుంచాల" అని చూపించారు.

ముఖం తిప్పి మాట్లాడటం ఆయన అలవాటు. నాణెం ముందు నోరు తెరిస్తే కంటికి కనపడని తుంపర పడుతుంది, అదీ మచ్చే అవుతుంది. ఎన్నో ఏళ్ళు అలా చేసి చేసి, బయట కూడా అలాగే మాట్లాడేవారు. ఉగాది భోజనాల దగ్గర ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ గోడవైపు చూసేవారు. చాలామంది ఆయనకు చెవుడనుకుని గట్టిగా అరిచేవారు. ఆయన సరిదిద్దేవారు కాదు.

నాకు నాణెం చూడటం నేర్పింది ఆయనే. దీపం కింద ముందుకు, వెనక్కు వంచి చూడాలి. తర్వాత గడియారం ముల్లులా మొత్తం ఒక చుట్టు తిప్పి చూడాలి. "వెలుగు మోసం చేస్తాది. తిప్పితే దొరికిపోతాది" అనేవారు. ఒక్కో నాణేన్ని ఇద్దరు గ్రేడర్లు చూస్తారు. ఇద్దరికీ పడకపోతే ఆయన మాటే చివరిది.

రెండేళ్ళ క్రితం చలికాలంలో ఆయన వేసే అంకెలు తగ్గడం మొదలైంది. కొత్త రాజుగారి బొమ్మతో వచ్చిన వెండి నాణేలు అవి. "చెంప దగ్గర పలుచని పొగ, పాలచుక్కకు మొదలు" అని ఆయన చీటీ మీద రాసేవారు. రెండో గ్రేడర్‌కు అది కనపడకపోయినా, ఆయన రాశారు కదా అని తనూ ఒప్పుకునేవాడు. ఫోటోలు తీసేది నేను. తెర మీద ఎంత పెద్దది చేసి చూసినా నాకు ఆ పొగ కనపడలేదు. వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చిన నాణేలన్నిటికీ ఒకే చోట, రాజుగారి చెంప దగ్గరే మచ్చ ఎలా వస్తుంది?

మూడు రోజులు ఊరుకున్నాను. నాలుగో రోజు ఆఫీసు వంటగదిలో టీ పెట్టుకుంటుంటే చెప్పాను.

"అంకుల్, ఆ చెంప మచ్చ ఫోటోల్లో రావట్లేదు. ఒక్కదాంట్లో కూడా."

ఆయన టీ అక్కడే వదిలేసి గదిలోకి వచ్చారు. ఒక నాణెం తీసి భూతద్దం కింద పెట్టారు. వంచి చూశారు. తర్వాత నెమ్మదిగా తలకిందులు చేశారు. బొమ్మ తిరిగింది. ఆయన అలాగే వంగి ఉండిపోయారు. కుడికన్ను మూసి ఎడమకన్నుతో చూశారు. మళ్ళీ కుడికన్నుతో.

"పొగ తిరగలే మ్మా. ఉన్నచోటే ఉండాది" అన్నారు. "మచ్చ నాణెం మీద లేదు."

భూతద్దం పక్కకు జరిపి కుర్చీలో కూర్చున్నారు.

"ఎన్ని దినాలైంది నువ్వు కనుక్కొని?"

"మూడు రోజులు."

"ఎందుకు ఆగినావు?"

"మీరు కదా అని."

"నన్ను చూసినావు, నాణేన్ని చూడకపోతివి" అన్నారు. కోపంగా అనలేదు. ఆ తర్వాత, "నేనూ అంతే. నమ్మకమొచ్చినాక పూర్తిగా తిప్పడం మానేసినా" అన్నారు.

ఆ సాయంత్రమే మేనేజర్ దగ్గరకు వెళ్ళారు. మేనేజర్ మంచివాడే. కళ్ళ పరీక్ష చేయించుకోమని, ఇకమీద జాగ్రత్తపడదామని, పంపేసినవాటిని కదిలిస్తే కంపెనీ పేరు పోతుందని చెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. ఆ చలికాలం తాను అంకె వేసిన ప్రతి నాణేన్నీ వెనక్కి పిలిపించి, వేరేవాళ్ళతో చూపించమన్నారు. కారణంగా తన కన్ను సంగతే రాయమన్నారు. రాసేదాకా ఇంటికి వెళ్ళనన్నారు. చివరికి కంపెనీవాళ్ళు అలాగే రాశారు.

చాలా నాణేల అంకెలు పెరిగాయి. నాణేల వ్యాపారులు కొందరు ఆయన పాత గ్రేడులను కూడా అనుమానించారు. జిపి, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఆయన్ని కంటి ఆసుపత్రికి పంపారు. కంటి వెనక పొర చెడుతోందని, పోయిన చూపు తిరిగి రాదని, రెండో కంటికి కూడా రావచ్చని చెప్పారు. ఆయన భూతద్దం నా బల్ల మీద పెట్టి ఉద్యోగం మానేశారు.

ఒక్క నాణెం మాత్రం వెనక్కి రాలేదు. డార్బీలో ఉండే ఒక రిటైరయిన బస్సు డ్రైవర్‌ది. మనవరాలు పుట్టిన ఏడు ముద్రించిన నాణెం, ఆ పాప కోసం కొన్నాడు. మచ్చ ఉందని మేము చెప్పాక, మచ్చ ఉన్నది పిల్లకు ఎందుకివ్వాలని ఎవరికో అమ్మేశాడు. అంకుల్‌కు ఇది తెలిసి, ఆ డ్రైవర్ ఇంటికి వెళ్ళాలన్నారు. బస్సు నంబర్లు చదవడానికి నేను తోడు వెళ్ళాను. ఆ పెద్దమనిషి తలుపు తీసి, మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టాడు. అంకుల్ ఇంగ్లీషులో ఒకే మాట చెప్పారు: మీ నాణెం మంచిదే, చెడింది నా కన్ను. ఆ మనిషి విని, తలుపు వేసుకున్నాడు.

తిరుగు దారిలో నేను ఆయన్ని ఓదార్చబోతే, "ఉండనీ మ్మా. ఆయనకు కోపం రావాల్సిందే" అన్నారు. "మచ్చ లేనిదానికి మచ్చ పెట్టినా కదా."

ఆ తర్వాత నేను గ్రేడర్‌నయ్యాను. అంకుల్ శనివారాలు ఫోన్ చేసి, ఆ వారం కష్టమనిపించిన నాణెం గురించి అడిగేవారు. నేను వర్ణిస్తే వినేవారు. సలహా అడిగితే మాత్రం, "నేను చూడలేదు కదా, ఎట్ల చెప్తా?" అనేవారు.

అంత్యక్రియలకు పెద్దగా జనం రాలేదు. దహనవాటిక హాలులో చివరి వరసలో ఆ డార్బీ పెద్దమనిషి కూర్చున్నాడు. మా కంపెనీ పెట్టిన ప్రకటన చూసి వచ్చాడట. బయటికి వచ్చాక ఆంటీ దగ్గరకు వెళ్ళి, ఆ రోజు లోపలికి రమ్మనాల్సింది అన్నాడు. ఆంటీకి అతనెవరో తెలియదు. నేను చెప్పాను. ఆవిడ అతని చేయి పట్టుకుని, "ఇప్పుడు రండి, భోంచేసి వెళ్ళండి" అంది తెలుగులోనే. కూతురు ఇంగ్లీషులో చెప్పింది. అతను వచ్చాడు.

నేను అంకుల్‌ను చివరిసారి చూసింది ఈ వేసవి మొదట్లో, మా ఇంటి దగ్గర బస్టాపులో. అప్పటికి రెండో కన్ను కూడా చాలావరకు పోయింది. ఇంటిదాకా దిగబెడతానంటే వద్దన్నారు. బస్సు వచ్చింది. ఆయన మెట్లు తడుముకుంటూ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూసి నవ్వుతూ చేయి ఊపారు. నేను నిలబడ్డ వైపు కాదు, నాకు నాలుగడుగుల దూరంలో ఉన్న చెత్తబుట్ట వైపు. బస్సు ఇంకా కదలలేదు. నేను వెళ్ళి ఆ చెత్తబుట్ట పక్కన నిలబడి, ఆయన చూస్తున్న చోటి నుంచి చేయి ఊపాను.