వంకర చూస్తున్న సార్!

ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు క్యాంపస్‌లో స్నూకర్ పోటీకి పేరిచ్చాను. బంతుల్ని కొట్టడానికి సొంత క్యూ కర్ర కొనుక్కుందామని, తార్నాకలో చేత్తో క్యూలు తయారుచేసే అంకుల్ దుకాణానికి వెళ్లాను.

"ఒక కన్ను మూసి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడమ్మా. వంకరుంటే తెలిసిపోతది" అన్నాడాయన.

క్యూ ఎత్తి, ఎడమ కన్ను గట్టిగా మూశాను. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని మా హెచ్‌ఓడీ సార్ లోపలికొచ్చారు. ఆయనకు కన్నుకొట్టినట్టే అయింది! ఇద్దరం కొయ్యబారిపోయాం. కంగారులో ఆ కన్ను తెరవడం కూడా మర్చిపోయి, "వంకర చూస్తున్న సార్!" అనేశాను.

"ఎవరి వంకర?"

"కర్రదే సార్!"

అంకుల్ పడీపడీ నవ్వాడు. సార్ నా చేతిలోని క్యూ తీసుకుని బల్ల మీద దొర్లించారు. "ఇది ఎగురుతున్నదమ్మా, వద్దు" అన్నారు. నాలుగు వద్దని, ఐదోది నా చేతిలో పెట్టారు. గీత గీసినట్టుంది! "నా క్యూ కొసనున్న తోలు టిప్పు మార్పిద్దామని వస్తే ఇదేం స్వాగతమమ్మా!" అంటూ ఆయనా పగలబడి నవ్వారు.

పోటీలో మొదటి మ్యాచే ఓడిపోయాను. అయినా బాధ లేదు. మా డిపార్ట్‌మెంట్‌లో సార్ నవ్వు చూసిన మొదటి స్టూడెంట్‌ని నేనే!