పురుటి గది గోడలు

దోమ కుడితే దద్దురు లేస్తుంది, గోక్కుంటాం, మరిచిపోతాం. దాని కాటులో మనిషిని మంచాన పడేసే జ్వరం ఉంటుందని ఎవరైనా అని ఉంటే మా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్లం. చలిజ్వరం నీళ్లు మారితే వస్తుందనీ, వానలో నానితే వస్తుందనీ మా నమ్మకం.

అప్పటికి రజాకార్ల పీడ పోయింది కానీ, కమ్యూనిస్టు సంఘపోళ్ల కోసం పోలీసుల సోదాలు మాత్రం ఆగలేదు. దేవరకొండ పక్కన మా పల్లెలో ఖాకీ బట్ట కనబడితే చాలు, టపటపా తలుపులు పడేవి. ఖాకీవాడు ఏం చెప్పినా దానికి ఉల్టా చేస్తేనే బతుకుతామని ఆ ఏళ్లు మాకు నేర్పాయి. బయటికి రమ్మంటే దాక్కునేవాళ్లం, ఉన్నది చెప్పమంటే లేదనేవాళ్లం. చాలాసార్లు ఆ తెలివే మమ్మల్ని కాపాడింది కూడా.

అట్లాంటి రోజుల్లో ఖాకీ నిక్కర్లు వేసుకున్న ఇద్దరు మనుషులు పంపులు పట్టుకుని వచ్చారు. సామాను బయట పెట్టించి, లోపలి గోడలన్నిటికీ ఏదో మందు కొట్టారు. పోతూ పోతూ వాళ్లలో పెద్దాయన అమ్మతో అన్నాడు.

"అమ్మా, గీ గోడలను అలుకకుండ్రి. వానకాలం ఎల్లేదాక ముట్టకుండ్రి. దోమలు సస్తయి."

"గట్లనే అయ్యా" అంది అమ్మ. వాళ్లు సందు తిరిగారో లేదో మొహం చిట్లించింది. "గోడలు అలుకొద్దంట! ఈయనింట్ల ఆడోళ్లు లేరా?"

గోడల నిండా తెల్లచారలు, ముక్కు మూసుకునేంత వాసన. ఆ వారంలోనే అక్క అత్తగారింటి నుంచి తొలికాన్పుకు రావాలి. పుట్టబోయే బిడ్డ ఈ కంపులోనా కళ్లు తెరిచేది? నాకప్పుడు పదకొండేళ్లు, పౌరుషం మాత్రం ముప్పై ఏళ్ల మనిషికున్నంత. ఎవరూ చెప్పకముందే ఎర్రమన్ను తొక్కి, పెండ కలిపి, అక్క పడుకోబోయే అర్రను అందినంత మేర రెండు చేతులా పూసేశాను. అవ్వ చూసి నాకు దిష్టి తీసి మెటికలు విరిచింది. నాలుగు రోజులకు వచ్చిన అక్క గోడ నిమిరి మురిసిపోయింది.

నెల తిరక్కముందే అక్కకు చలి పట్టుకుంది. మూడు గొంగళ్లు కప్పినా మంచం గడగడలాడేది. చెమటలు పోసి జ్వరం దిగేది, ఒకరోజు ఊరుకుని మళ్లీ వచ్చేది. బాపు బండి కట్టి దేవరకొండ దవాఖానకు తీసుకుపోయాడు. మాత్రలతో అక్క బతికింది. బిడ్డ మాత్రం ఎనిమిదో నెలలోనే పుట్టి, ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆడపిల్ల.

జ్వరమొచ్చిన ఇళ్లు చూడడానికి ఆ పెద్దాయనే మళ్లీ వచ్చాడు. అర్రలోకి వచ్చి గోడను గోటితో గీశాడు. ఎర్రమన్ను పెచ్చు రాలి, కింద తెల్లచార బయటపడింది.

"జరమొచ్చినోన్ని కుట్టిన దోమే ఇంకొకల్లకు జరం అంటిస్తది. కుట్టినంక గీ గోడ మీదనే వాల్తది, మందు తాకి సస్తది. గా మందును మన్నుకింద కప్పెట్టిండ్రు గదమ్మా! ఎవలు అలికిండ్రు?"

దోమా? ఇంత చేసింది దోమా? ఖాకీ తొడుక్కున్న మనిషి మా మేలు కోరి నిజం చెప్పాడా? రెండూ నమ్మలేని మాటలే. ఆ రెండూ నమ్మితే మూడోది కూడా నమ్మక తప్పదు. పసిదాన్ని చంపింది నా చేతులే. వాటిని వెనక్కి దాచుకుని నిలబడ్డాను.

అమ్మ నావైపు చూసింది. అవ్వ నావైపు చూసింది. మంచంలో అటు తిరిగి పడుకున్న అక్క ఇటు తిరగకుండానే అంది.

"నేనే అలుకుమన్న. అది చిన్నది, నా మాట ఇన్నది."

నేను గోడ అలికిననాటికి అక్క ఇంకా మా గడప తొక్కనే లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ కాదనలేదు.